ఆరో అంతస్తు, వెనకవైపు

ఎక్స్‌రే గది ముందు ట్రాలీ ఆపి, ముసలాయన కాళ్ల మీంచి జారిన దుప్పటి సర్ది, "ఫొటో దిగడానికొచ్చాం పెద్దాయనా, కాస్త నవ్వుమొహం పెట్టు" అన్నాడు ట్రాలీ బాబాయి. తుంటి విరిగిన బాధలో కూడా ముసలాయన బోసినోరు కొద్దిగా విప్పాడు. ఉదయం ఎనిమిదిన్నరకే ఇది నాలుగో ట్రిప్పు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా బాబాయి చేస్తున్న పని ఇదే. పొట్టి మనిషి. ట్రాలీ మీదికి వంగీ వంగీ భుజాలు ముందుకు వచ్చేశాయి. కడ్డీ ఒరుసుకునే చోట అరచేతుల్లో చర్మం అట్ట కట్టి పసుపుపచ్చగా మెరుస్తుంటుంది. బ్రేకు ఎడమ కాలితో తొక్కుతాడు కాబట్టి ఎడమ చెప్పే ముందు అరుగుతుంది. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఆయనకు ఇంగ్లిష్ చదవడం రాదు. ఆసుపత్రి ఇంగ్లిష్ మాత్రం డాక్టర్ల కంటే బాగా వచ్చు. ట్రాలీ ఎక్కడికి పోయిందో, అక్కణ్ణించి మనిషి ఎలా తిరిగొచ్చాడో చూసి నేర్చుకున్న భాష అది. ఆర్థోపెడిక్స్‌కి పోయినవాళ్లు పిండికట్టుతో వస్తారు. నెఫ్రాలజీకి పోయినవాళ్లు వారానికి మూడుసార్లు వస్తూనే ఉంటారు. న్యూరాలజీ నుంచి తిరిగొచ్చినవాళ్లు మునుపటి మనుషులు కారు. అబ్జర్వేషన్ అంటే వార్డులో మంచం ఖాళీ లేదని. స్టేబుల్ అంటే నిన్న ఎంత అధ్వానంగా ఉందో ఇవాళా అంతే ఉందని. రిఫర్ చేశారంటే మావల్ల కాదు, ఇంకెక్కడికైనా పొమ్మన్నారని. ఈ అర్థాలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఉన్నా ఆ పుస్తకం ఎవరూ కొనరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత ట్రాలీ మనిషి ఒకాయన నేర్పిన నియమం ఒకటుంది. పడుకున్నవాడికి వార్డు పేరు చెప్పకూడదు. పేరు వింటే మనిషికి గుండె జారుతుంది, గుండె జారినవాడు బరువెక్కుతాడు, తోయడం నీకే కష్టం అన్నాడాయన. అందుకని బాబాయి నోట ఆంకాలజీ గడ్డల డాక్టరు అయింది, సైకియాట్రీ నిద్ర డాక్టరు అయింది, కార్డియాలజీ చిన్న చెకప్పు అయింది. ఆరో అంతస్తు వెనకవైపు పాలియేటివ్ కేర్ ఉంది. ఇక మందు లేదని తేల్చినవాళ్లను నొప్పి తెలియకుండా చివరిదాకా ఉంచే వార్డు. దానికి మాత్రం చాలాకాలం మాట దొరకలేదు. చివరికి 'గాలి బాగా వచ్చే వార్డు' అని పెట్టాడు. నిజానికి అక్కడ కిటికీలు పెద్దవే.

దీనివల్ల బాబాయికి ఆసుపత్రంతా మంచి పేరు. డాక్టర్లు నోరు రాక చెప్పలేనివీ, తీరిక లేక చెప్పనివీ ఆయన మీదికి తోసేవారు. "బాబాయ్, మీరు బాగా చెప్తారు, కాస్త చెప్పండి" అని వాళ్లు పక్క మంచానికి వెళ్లిపోయేవారు. చేదు మాత్రలకు పంచదార పూసే ఉద్యోగం ఒకటుంటే ఆయనకు ఎప్పుడో ప్రమోషన్ వచ్చేది.

ముసలాయన్ని ఎక్స్‌రేవాళ్లకు అప్పగించి బాబాయి రెండో అంతస్తుకి వచ్చాడు. జనరల్ మెడిసిన్‌లో పదకొండో మంచం మీద పన్నెండు రోజులుగా ఆయన అక్క పడుకుని ఉంది.

అక్క దర్జీ. తల్లి పోయినప్పుడు ఆమెకు పదిహేను, ఈ తమ్ముడికి ఆరు. కుట్టుమిషను కిందే వీడు చదువు మానేశాడు, పెద్దవాడయ్యాడు. ఈ ఆసుపత్రికి దుప్పట్లు కుట్టిచ్చే రోజుల్లో ఆమే ఎవరి కాళ్లో పట్టుకుని వీడికి ఈ ట్రాలీ ఇప్పించింది. వీడి భార్య పోయాక మళ్లీ ఆమె ముందుగదిలోకే వచ్చి చేరాడు. డెబ్భై దాటినా సూదిలో దారం ఆమె ఎక్కించినంత తొందరగా ఎవరూ ఎక్కించలేకపోయేవారు. ఇప్పుడు చెంపలు లోపలికి పోయి, కళ్లు పచ్చబడి, నడుం కింద నుంచి కుడికాలు ఆమె మాట వినడం మానేసింది.

పదింటికి డాక్టర్లు వచ్చారు. మంచం చుట్టూ నిలబడి ఫైలుతో మాట్లాడారు. మల్టిపుల్ మెటాస్టాసిస్, నో యాక్టివ్ ట్రీట్‌మెంట్, కంఫర్ట్ మెజర్స్, షిఫ్ట్ టు పాలియేటివ్. గడ్డ ఒళ్లంతా పాకింది, ఇక మందు లేదు, ఆరో అంతస్తుకి పంపండి అంటున్నారని బాబాయికి తెలిసింది. అక్క వాళ్ల మొహాలన్నీ వరసగా చూసి, చివరికి తమ్ముడి మొహం చూసింది. ఆ మంచం చుట్టూ ఉన్నవాళ్లలో ఆమెకు అర్థమయ్యే భాష మాట్లాడేవాడు వాడొక్కడే.

కుర్ర డాక్టరు బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. "మీకు నేను చెప్పేదేముంది బాబాయ్. ఒకట్రెండు రోజులు. ఇంకా ముందే కూడా కావచ్చు. మీరే నెమ్మదిగా చెప్పండి."

బాబాయి తల ఊపాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఊపిన తలే.

పదకొండింటికి అక్కను తన ట్రాలీ మీదికి తనే ఎత్తుకున్నాడు. ఖాళీ సంచిని ఎత్తుకున్నట్టుంది. లిఫ్టులో ఆమె పైన తిరుగుతున్న చిన్న ఫ్యాను చూస్తూ, "ఎక్కడికిరా?" అంది.

"ఆరో అంతస్తుకి."

"ఏముందక్కడ?"

గాలి బాగా వచ్చే వార్డు అనబోయాడు. కానీ గాలి తనకెందుకని ఆమె అడుగుతుంది. అక్క అడగడం మొదలుపెడితే ఆపదు. లిఫ్టు నాలుగో అంతస్తు దాటింది. ఆరో అంతస్తులో ముందువైపు ఫిజియోథెరపీ ఉంది.

"ఫిజియోథెరపీ అక్కా. కాలికి కసరత్తు చేయిస్తారు."

"అయితే నడుస్తానన్నమాట!"

"నడవక మరి?"

ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. పన్నెండు రోజుల్లో ఆ మొహం చూడలేదు బాబాయి. ఆ క్షణాన వాడికే ఎంత సంతోషం వేసిందంటే, అబద్ధం ఆడానన్న సంగతే మరిచిపోయాడు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ట్రాలీని వెనకవైపుకి తిప్పాడు.

కొత్త మంచం మీద చేరగానే అక్క మొదట చూసింది కిటికీ తెర. "ఎవడు కుట్టాడ్రా దీన్ని? అంచు మడవకుండానే కుట్టేశాడు వెధవ. నాలుగు ఉతుకులకి పీచులు లేస్తుంది" అంది. ఆమెకు కూతురితో మాటలు ఆగిపోయింది కూడా తెరల దగ్గరే.

కూతురు కొత్తింట్లో చేరినప్పుడు అక్క నెల్లాళ్లు కూర్చుని అన్ని కిటికీలకూ తెరలు కుట్టిచ్చింది. తర్వాత ఒకరోజు వెళ్లి చూస్తే షాపులో కొన్నవి వేలాడుతున్నాయి. తను కుట్టినవి మడతపెట్టి మంచం కింద తోసి ఉన్నాయి. "నీ కుట్టు పాతకాలందైపోయిందమ్మా" అంది కూతురు, నవ్వుతూనే. అక్క మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచి, "నువ్వు పిలిచినా ఇక నీ గడప తొక్కను" అనేసి వచ్చింది. కూతురిదీ ఆ రక్తమే కదా, పిలవలేదు. ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర ఏడేళ్లు ఆగిపోయాయి. కూతురు ఉండేది ఈ ఊళ్లోనే. బస్సులో నలభై నిమిషాలు.

"అక్కా, అమ్మాయికి ఒక మాట చెప్పనా?" అన్నాడు బాబాయి.

"చెప్పకు." తర్వాత గొంతు తగ్గించి, "గడప తొక్కనన్నది నేను. ఆ మాట నేనే వెనక్కి తీసుకోవాలి. నా కాళ్ల మీద నడిచి వెళ్లి దాని గుమ్మంలో నిలబడతాను. మంచంలో పడి కబురంపితే జాలిపడి వస్తుంది. దాని జాలి నాకెందుకురా? కాలు వచ్చేస్తుందన్నావుగా, ఇంకో నెల ఆగలేనా?" అంది.

అప్పుడు చెప్పాల్సింది. అక్కా, నీకంత వ్యవధి లేదు, నడిచే రోజు రాదు, పిలుద్దాం అనాల్సింది. ఆ మాట వింటే పట్టుదలా లేదు, జాలీ లేదు, కూతుర్ని ఇప్పుడే రమ్మనేది. వాడికి ఆ సంగతి తెలుసు. నోరు తెరిచాడు కూడా. తెరిచి, "పాదాన్ని ముందుకీ వెనక్కీ ఆడించాలక్కా, ముప్ఫైసార్లు" అన్నాడు.

పాపిష్టి నోరు. ఒకసారి తీపికి అలవాటుపడ్డాక ఇంకోటి పలకదు.

ఆమె అప్పుడే మొదలుపెట్టింది. కుడిపాదం కదలక, ఎడమపాదంతో దాన్ని నెట్టుకుంటూ పైకి లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర ఆయాసపడి ఆగింది. కాసేపాగి మళ్లీ తొమ్మిది నుంచి ఎత్తుకుంది. పక్క మంచం ఆవిడ ఇటు చూసి, చటుక్కున మొహం గోడవైపు తిప్పుకుంది.

రెండింటికి బాబాయి పాదాల మీద చెయ్యి వేసి చూస్తే మోకాళ్ల దాకా చల్లబడి ఉంది. గోళ్లు నీలంగా తిరిగాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఎన్ని మంచాల దగ్గర చూడలేదు. నర్సు వచ్చి నాడి చూసి, "రావలసినవాళ్లుంటే పిలిపించండి బాబాయ్" అంది. ఆ మాటను వేరేవాళ్లకు చేరవేయడం వాడికి అలవాటే, తనతో ఎవరైనా అనడం ఇదే మొదటిసారి.

మెట్ల దగ్గరికి వెళ్లి మేనకోడలికి ఫోన్ చేశాడు. అక్క వద్దన్నా సరే చేశాడు. ఆ మాత్రం తెగువ వచ్చింది.

"మామయ్యా!" అంది ఆ పిల్ల. ఆ పిలుపు వాడు విని ఏడేళ్లయింది. "అమ్మ బాగుందా?"

"ఒంట్లో కొంచెం బాగోలేదమ్మా. మా ఆసుపత్రిలోనే ఉంచాను."

"సీరియస్సా?"

"అబ్బే, అంతేం లేదు. కంగారు పడకు. వీలు చూసుకుని రా."

పెట్టేశాక ఫోన్ చేతిలోనే పట్టుకుని చాలాసేపు మెట్ల మీద నిలబడ్డాడు. ఆ మాటలు తను అన్నవి కావు. మూడు దశాబ్దాలుగా లిఫ్టుల్లో, వరండాల్లో, ఏడవబోయే ప్రతి మనిషితోనూ అన్న మాటలు, వాటంతటవే వచ్చేశాయి. మళ్లీ చెయ్యాలి అనుకున్నాడు. వెంటనే మళ్లీ చేస్తే పిల్ల హడలిపోతుంది అని కూడా అనుకున్నాడు. జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. మంచం పక్కన కూర్చుని రెండుసార్లు ఫోన్ బయటికి తీసి, రెండుసార్లూ లోపల పెట్టేశాడు.

మూడున్నరకి అక్క కళ్లు తెరిచింది. "ఇవాళ పంతొమ్మిదే అయ్యాయి. రేపు ఎన్ని చెయ్యమంటారు?"

"యాభై."

"అంతేనా," అంది చులకనగా.

కిటికీ గాలికి తెర ఎగిరి ఆమె మొహం మీద పడుతోంది. బాబాయి లేచి తెరను ఒక పక్కకి లాగి, ముడివేసి, వెనక్కి తిరిగాడు. ఆమె నోరు కాస్త తెరిచి ఉంది. తర్వాతి ఊపిరి కోసం నిలబడి ఎదురుచూశాడు. గోడ మీద గడియారం మూడుముప్పావు. డ్యూటీ డాక్టరు వచ్చి, టార్చి వేసి చూసి, ఫైల్లో ఎక్స్‌పైర్డ్ అని రాసి వెళ్లిపోయాడు.

మేనకోడలు వచ్చేసరికి నాలుగున్నర కావస్తోంది. ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, భుజాన బరువైన సంచితో వార్డు గుమ్మంలో నిలబడి, "ఎక్కడ మామయ్యా అమ్మ?" అంది. ఆ మొహంలో బెరుకూ ఉంది, సంబరమూ ఉంది.

"లోపల... పడుకుంది" అన్నాడు. అప్పటికీ అదే అన్నాడు.

ఆ పిల్ల లోపలికి వెళ్లింది. సంచి దించి స్టూలు పక్కన పెట్టింది. మొహం మీది దుప్పటి ఎవరు కప్పారో, ఎందుకు కప్పారో అర్థం కావడానికి ఆమెకు కొంత సేపు పట్టింది. ఏడవలేదు. తల్లి చేతిని తీసి, వేలి చివర సూదులు గుచ్చుకుని రాయిలా అయిన చోట తన బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది.

"ఎప్పుడు?" అంది చాలాసేపటికి.

"మూడుముప్పావుకి."

"నువ్వు ఫోన్ చేసింది రెండింటికి. నలభై నిమిషాల దారి మామయ్యా." ఆమె గొంతు పెరగలేదు. "వీలు చూసుకుని రమ్మన్నావు. చూసుకున్నాను. పాలవాడు వచ్చేదాకా ఆగాను. కాచి పోసుకొచ్చాను. అమ్మ ముందు చక్కగా కనపడాలని రెండు చీరలు మార్చాను. ఒక్క ముక్క చెప్పుంటే వంటింటి చీరతోనే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా!"

బాబాయి అక్క కాళ్ల మీది దుప్పటి అంచు సర్దాడు.

"అమ్మకైనా తెలుసా, పోతానని?"

"తెలీదమ్మా. నేను చెప్పలేదు. కాలు బాగవుతోందని చెప్పాను."

"నన్ను అడిగిందా?"

ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి వాడి నోటివెంట ఉన్నది ఉన్నట్టు వచ్చింది. "నడిచి నీ ఇంటికి వస్తానంది. పిలవనా అంటే వద్దంది, నెలాగి తనే వస్తానంది. నెల లేదని తెలిస్తే పిలవమనేది. నేనే చెప్పలేదు."

ఆమె తలెత్తి మామయ్య వైపు చూసింది. తిట్టినా బాగుండేది. కొంగుతో తల్లి నుదురు తుడిచి, కాగితాల మీద సంతకాలు పెట్టడానికి నర్సు వెంట వెళ్లింది. తిరిగి వచ్చేసరికి బాబాయి తన ట్రాలీని మంచానికి ఆనించి, చక్రానికి బ్రేకు వేసి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"నువ్వొద్దు మామయ్యా," అంది.

కింది అంతస్తు నుంచి వేరే మనిషి వచ్చాడు. బాబాయి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ట్రాలీ వరండా చివర తిరిగి లిఫ్టులోకి వెళ్లేదాకా చూశాడు. మేనకోడలు వెనక్కి తిరగలేదు. వార్డులో దీపాలు ఇంకా వెయ్యలేదు. నర్సు వచ్చి దుప్పట్లు మార్చేస్తూ, స్టూలు పక్కన ఉన్న సంచి చూపించి ఇది మీవాళ్లదేనా బాబాయ్ అని అడిగింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. లోపల స్టీలు ఫ్లాస్కు, బోర్లించిన గ్లాసు ఒకటి ఉన్నాయి. మూత వదులు చేసి చూస్తే, పాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.