ఒకటిన్నర చుట్టు

వైకుంఠం పన్నెండో నంబరు గదిలో బెంచీలు గోడవారకు చేరుస్తున్నాడు. ఒక్కోటీ ఎత్తి పెడతాడే తప్ప ఈడ్చడు. ఈడిస్తే గచ్చు మీద గీతలు పడతాయని ఆయన బాధ. మూసీ పక్కనున్న ఈ పీజీ కాలేజీలో ముప్ఫై తొమ్మిదేళ్ళుగా అటెండరు. అరవై ఒకటి నిండాయి, ఇవాళ్టితో సరి. బక్కపలచటి మనిషి, మడత చెదరని తెల్లచొక్కా. ఎడమచేతి చిటికెన వేలు మాత్రం బయటికి వంగిపోయి, పక్కవేలితో మాటల్లేనట్టు ఉంటుంది.

"ఆ వేలికేమైందండీ?" అని పొద్దున టీ అందుకుంటూ బిందుమాధవి మేడం అడిగింది.

"ఎన్కట కిందవడ్డ మేడం," అన్నాడు. అబద్ధం కాదు. ఎలా పడ్డాడో చెప్పలేదు, అంతే.

గుంటూరు నుంచి వచ్చిన ఈ మేడం ఈ ఏడు హిప్‌హాప్ సంస్కృతి అని కొత్త పాఠం మొదలుపెట్టింది. గంతులకూ మార్కులేనా అని స్టాఫ్‌రూములో నవ్వినవాళ్ళు నవ్వారు. వైకుంఠం నవ్వలేదు. ప్రతి మంగళవారం ఏదో ఒక పని కల్పించుకుని ఆ గది తలుపు దగ్గరే తచ్చాడాడు. ఎక్కడో దూరదేశంలో పేదపిల్లలు వీధిలో అట్ట పరుచుకుని దాని మీద గిరగిరా తిరిగారని మేడం చెబుతుంటే, ఈయనకు ఫలక్‌నుమా స్టేషను వెనక సందు కనిపించేది. జతగాడు డానియేలు భుజం మీద టేప్‌రికార్డరు. పెళ్ళి బరాత్ ముందు తామిద్దరూ. అబ్బ, ఏం రోజులవి! ఒంట్లో ఎముకలున్నట్టే తెలిసేది కాదు.

జల్‌పల్లిలో ఒక పెళ్ళిలో ఆడుతూ జారిపడి వేలు విరిగింది. ఆ నెలలోనే నాన్న పోయాడు, ఆయన అటెండరు ఉద్యోగం కొడుకుకు వచ్చింది. ఖాకీ చొక్కా తొడిగాక మళ్ళీ ఆడింది లేదు. డానియేలు పోయి ఆరేళ్ళయింది. ఆ ఆట సంగతి తెలిసినవాడు ఇంకెవడూ మిగల్లేదు.

ఇవాళ ఆఖరి క్లాసు.

"ఎనభైల్లో మన పాతబస్తీలో ఈ బ్రేక్‌డ్యాన్సు ఆట ఆడారని విన్నాం. ఆర్నెల్లు తిరిగాం, ఆడినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు," అంది మేడం. "ఒక్కరైనా దొరక్కపోతే ఆ సంగతి పుస్తకంలో రాయలేను."

తలుపు దగ్గర వైకుంఠం ఒక అడుగు లోపలికి వేశాడు.

స్రవ్య అనే విద్యార్థిని ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి నేల మీద పరిచింది. చేతి మీద ఒళ్ళంతా ఆపి తిరగబోయింది. అరచెయ్యి జారకుండా అట్ట పట్టేసింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పట్టేసింది. వైకుంఠం ఇక ఆగలేకపోయాడు.

"గట్ల గాదు బిడ్డా. బొమ్మ ఉన్న నున్నటి దిక్కు పైకెయ్యాలె. మూలలకు టేపు పెట్టు. జరంత క్యారంబోర్డు పౌడర్ జల్లు."

పౌడరు డబ్బా స్టాఫ్‌రూములోంచి తనే తెచ్చిచ్చాడు. ఈసారి స్రవ్య బొంగరంలా తిరిగింది. పిల్లలు ఈలలేశారు.

"మీకెలా తెలుసండీ?" మేడం ఆశగా చూసింది. క్లాసంతా ఇటే తిరిగింది.

నేనే మేడం, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ళు వంచిన తల అంత తేలిగ్గా లేస్తుందా?

"ఎవ్వలో అంటె ఇన్న," అన్నాడు.

మేడం ముఖం చిన్నబోయింది. "సరే, ఆ అట్ట అలాగే ఉంచండి. రేపొచ్చి తీసుకెళ్తాను."

నాలుగింటికి సన్మానం. శాలువా, పూలదండ. రెండు మాటలు చెప్పమన్నారు. రెండో వరసలో మేడం కూర్చుని ఉంది. ఆవిడ వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అందరు నన్ను మంచిగ జూసుకున్నరు. మస్తు సంతోషం."

కూర్చున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. థూ, గిదేం నోరు! ఇయ్యాల గూడ పెగల్లేదు!

అందరూ వెళ్ళాక పన్నెండో గదికి తాళం వెయ్యడానికి వచ్చాడు. అట్ట అక్కడే ఉంది. తలుపు దగ్గరగా వేశాడు. శాలువా మడిచి బెంచీ మీద పెట్టాడు, చెప్పులు విడిచాడు. ఎడమ అరచెయ్యి అట్ట మీద ఆనించి, మోచెయ్యి పొట్టకు తన్నిపెట్టి, కాళ్ళు లేపబోయాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, బోర్లాపడ్డాడు. మళ్ళీ లేపాడు. లేచాయి! బోర్డు, కిటికీ, బెంచీలు, మళ్ళీ బోర్డు, మళ్ళీ కిటికీ. ఒకటిన్నర చుట్టు. అట్ట మీదే వెల్లకిలా పడి రొప్పుతూ నవ్వాడు. డానియేలూ, చూసినవా రా, అన్నాడు పైకే. ఆ వెంటనే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

లేచి అలవాటుగా చీపురు అందుకున్నాడు. ఒక్క క్షణం ఆలోచించి దాన్ని మూలన పెట్టేశాడు. డబ్బాలో మిగిలిన పౌడరంతా అట్ట మీద పలచగా పరిచాడు. కూర్చుని ఏదో పని చేసుకుపోతున్నవాడిలా, తొందరలేకుండా, ఎడమ అరచెయ్యి దాని మీద అదిమాడు.

గదికి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో అప్పజెప్పి, అఫ్జల్‌గంజ్‌లో ఫలక్‌నుమా బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది.

పన్నెండో గదిలో, రేపు మేడం వచ్చి ఎత్తబోయే ఆ అట్ట మీద, తెల్లటి పౌడరులో ఒక అరచెయ్యి గుర్తు. నాలుగు వేళ్ళు తిన్నగా, చిటికెన వేలు బయటికి వంగి.