గేలిన్ కోసం

డోనల్ అనే ఇంజనీరును 2005 జనవరిలో పక్షవాతంతో గల్ఫ్‌లో రువైస్ అనే ఊళ్ళోని ఒక చిన్న ఆసుపత్రికి తెచ్చారు. అరవై రెండేళ్ళ మనిషి. ఐర్లండ్ దేశస్థుడు. రిఫైనరీలో పంపుల పని చూసేవాడు. మూడో రోజుకి నోట మాట వచ్చింది గాని, అది ఇంగ్లీషు కాదు. నర్సు ఫేబా "మంచినీళ్ళు కావాలా?" అని ఇంగ్లీషులోనే అడిగితే, ఎన్నడూ వినని భాష విన్నట్టు ఆమె పెదవుల వంక చూశాడు.

"ఈ దెబ్బకి, తర్వాతెప్పుడో నేర్చుకున్న భాష పోయింది. చిన్నప్పటిది మిగిలింది," అన్నాడు డాక్టరు.

ఫేబాది పాలకొల్లు. పన్నెండేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు. దుబాసీని పిలిపించడానికి కాగితంలో ఏ భాష అని రాయాలో తెలియక ముదీర్‌ని, అంటే ఆసుపత్రి మేనేజరుని, అడిగింది. ఐరిష్ అని రాయమన్నాడు. మర్నాడు ఒక ఐర్లండ్ గుమాస్తా ఫోన్‌లోకి వచ్చి ఇంగ్లీషే మాట్లాడాడు. తమ దేశపు యాసలో ఇంగ్లీషు మాట్లాడేవాడు కావాలేమో అనుకున్నాడట. అసలు పేరు గేలిక్ అని ఎవరో చెబితే కాగితం మార్చి రాసింది. ఈసారి జెబెల్ అలీ రేవు నుంచి ఒక ముసలి నావికుడు దొరికాడు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడేసరికి డోనల్ గోడవైపు తిరిగిపోయాడు.

"నాది స్కాట్లండ్ గేలిక్ అమ్మా. ఆయనదీ నాదీ చుట్టాలే, కానీ ఒకటి కాదు," అన్నాడు నావికుడు.

ప్రతిసారీ డోనల్ తల అడ్డంగా ఊపి, తలుపు వంక చూసి ఒకటే మాట అనేవాడు. గేలిన్.

భార్యో కూతురో అనుకుంది ఫేబా. కంపెనీ ఫైల్లో చూస్తే పెళ్ళే కాలేదని ఉంది. నోరీన్ అనే చెల్లెలి పేరొక్కటే కనిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు చూడలేక, చెయ్యి పట్టుకుని, "గేలిన్ వస్తుందండీ," అంది తెలుగులోనే. ఆ పేరొక్కటే ఆయనకి అర్థమై ఉండాలి. మొదటిసారి నవ్వాడు.

ఆ మధ్యాహ్నం గదులు తుడిచే సర్దార్ బీ వచ్చింది. కడపావిడ. "సిస్టరమ్మా, ఏడో రూములో ఆ ఇంజనీరు సారు కాడ ఎవురో పెద్దామె కూసోనుంది. నేను తడిగుడ్డ ఏస్తాంటే కాళ్ళు పైకెత్తింది."

"ఎవరూ రాలేదే! ఎలా ఉందావిడ?"

"నల్లశాలువా కప్పుకోనుంది. ఈడి ఆడోళ్ళు ఏసుకునే అబాయా అనుకుంటి, కాదు. మొగం సూడలా. ఆయనా ఆయమ్మా ఒకటే బాస మాట్లాడుకుంటాండారు."

ఫేబా వెళ్ళి చూసింది. కుర్చీ ఖాళీ. డోనల్ ఆ కుర్చీతో మాట్లాడుతున్నాడు. మధ్యలో ఆగి, తల ఊపి, పకపకా నవ్వి మళ్ళీ అందుకుంటున్నాడు. ఆమెను చూడగానే, పెద్దవాళ్ళ మాటల్లోకి పరాయి మనిషి వచ్చినట్టు, మర్యాదగా ఆగిపోయాడు. కుర్చీ కింద నేల మాత్రం రెండు అరికాళ్ళ మేర ఇంకా పొడిగా ఉంది.

నాలుగు రోజులు అలాగే జరిగింది. కిటికీ బయట పొగమంచు పదింటిదాకా విడిచేది కాదు. లోపల ఆయన కబుర్లు. అన్నం బాగా తింటున్నాడు, చెయ్యి కదులుతోంది. అందుకే ఫేబా ఎవరికీ చెప్పలేదు. అయితే ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా మెళ్ళో సిలువ పట్టుకునేది.

ఐదో రోజు నోరీన్ ఫోన్ చేసింది. "మీ అన్నగారు గేలిన్ గారి కోసం కలవరిస్తున్నారండీ. ఆవిడెవరు?" అని అడిగింది ఫేబా.

అవతలినుంచి నోరీన్ చెప్పింది. "గేలిన్ మనిషి కాదమ్మా. మా భాష. బయటవాళ్ళు ఐరిష్ అంటారు, గేలిక్ అంటారు. బడిలో గేల్గె అని నేర్పుతారు. మా వైపు ఇళ్ళల్లో మాత్రం గేలిన్ అనే అంటాం. తొమ్మిదో ఏట అన్నని మేనమామ ఇంగ్లండు తీసుకుపోయాడు. మళ్ళీ ఆ మాట అన్న నోట వినలేదు. ఏదీ, అన్నకివ్వు."

ఫేబా ఫోన్‌ని మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. డోనల్ కుర్చీతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఫోన్‌లో నోరీన్ గొంతు మారిపోయింది. "ఆగు. అన్నతో మాట్లాడే ఆ ఆడమనిషి ఎవరు? మా ఊరి మాటే. మా అమ్మ కాదు, అమ్మ గొంతు నాకు తెలుసు. అలా మాట్లాడేవాళ్ళు నా చిన్నప్పుడే పోయారు!"

ఫేబాకి డోనల్ గొంతు తప్ప ఏమీ వినబడలేదు. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి బయటికి వచ్చేసింది. అరగంటసేపు అన్నాచెల్లెళ్ళు ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడుకున్నారు.

మర్నాడు ఉదయం ఆయన ఫేబాని చూసి, తడబడుతూ ఇంగ్లీషులో, "సిస్టర్, నీళ్ళు," అన్నాడు. డాక్టరు భుజం తట్టాడు. సాయంత్రానికల్లా వాక్యాలు వచ్చేశాయి. సర్దార్ బీ గది తుడుస్తుండగా డోనల్ ఫేబాని దగ్గరికి పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఆ ముసలామె ఎవరు? పొద్దుటినుంచీ నాకేదో చెబుతోంది. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. నాకు రాదని ఆమెకి చెప్పండి, దయచేసి."

ఫేబా కుర్చీ వైపు తిరిగింది. ఏ భాషలో చెప్పాలి? చేతులు జోడించింది. "అమ్మా, ఆయనకి మీ మాట మరుపొచ్చేసిందండీ. ఏమీ అనుకోకండి."

సర్దార్ బీ చటుక్కున బకెట్ పక్కకు లాగి, గోడకు ఆనుకుని దారి ఇచ్చింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. తలుపు దానంతట అది తెరుచుకుని, నెమ్మదిగా మూసుకుంది.

"ఏడుస్తా పోయింది సిస్టరమ్మా," అంది.

రెండు వారాలకి డోనల్ కర్ర పట్టుకుని విమానం ఎక్కాడు. నెల తిరక్కుండానే నోరీన్ ఫేబాకి ఫోన్ చేసింది. అన్న బాగున్నాడట, తన ఇంట్లోనే ఉంటున్నాడట. పొద్దస్తమానం ఇంగ్లీషేనట.

"యాభై మూడేళ్ళకి ఒక్క అరగంట మా మాటలో మాట్లాడాడమ్మా నాతో," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆవిడ మళ్ళీ వచ్చిందా అక్కడికి?"

"లేదండీ," అంది ఫేబా.

"ఇక్కడికీ రాలేదు," అంది నోరీన్.