ఏడో రౌండు తర్వాత ఒక నిమిషం

నేను ఒక ఇనప స్టూలుని. కుర్చీ అనుకునేరు, వీపు ఆనించడానికి నాకేమీ లేదు, చేతులు పెట్టుకోవడానికీ లేదు. మూడు కాళ్ళు, వాటి మీద అడుగు వెడల్పు రేకు, అంతే నా సంసారం. నా మీద ఎవరూ సుఖంగా కూర్చోరు. కాస్త కూర్చుని లేచిపోయే వాళ్ళ కోసమే నన్ను చేశారు. మనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని మోసపోతుంటారు. నాకు ఆ బాధ లేదు, నేను నమ్మేది బరువొక్కటే. ధీమాగా ఉన్నవాడు బరువంతా నా మీద వదిలేస్తాడు. భయపడ్డవాడు అంచున కూర్చుని సగం బరువు తన కాళ్ళ మీదే ఉంచుకుంటాడు. ఈ ఒక్క విద్యతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. పాత ఓడను కోస్తే వచ్చిన ఇనుముతో చేశానని మా వెల్డరు చెప్పుకునేవాడు. అబద్ధమే అయి ఉంటుంది. ఆ ఊళ్ళో ప్రతి తుప్పు ముక్కకీ ఒక ఓడ కథ ఉంటుంది. పోర్టు గేటు ఎదుట ఒక టీ బడ్డీకి మేం ఆరుగురు అన్నదమ్ములం వెళ్ళాం. అక్కడ రోజూ సాయంత్రం ఒకాయన వచ్చి నా మీదే కూర్చునేవారు. పేరు కోదండం. పోర్టులో ఓడల సరుకు ఎత్తే వించి నడిపే ఉద్యోగం, డ్యూటీ దిగాక ఒక పాత గోడౌనులో కుర్రాళ్ళకు బాక్సింగు నేర్పేవారు. అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. రోడ్డు వెడల్పు చేస్తామని బడ్డీ తీసేసిన రోజున మా అన్నలు ఎటు పోయారో తెలియదు గాని, నన్ను మాత్రం మాస్టారు సైకిలు వెనక కట్టుకుని తీసుకెళ్ళారు. రింగులో పరిచిన గుడ్డ చిరగకుండా నా కాళ్ళకు లారీ ట్యూబు ముక్కలు తొడిగారు. అలా నాకు చెప్పులొచ్చాయి, ఉద్యోగమూ వచ్చింది.

ఉద్యోగం చిన్నదే. రింగులో మూడు నిమిషాలు కొట్టుకుంటారు, ఒక నిమిషం ఆగుతారు. ఆగగానే నన్ను మూలన పెడతారు, ఆటగాడు కూర్చుంటాడు, మాస్టారు నీళ్ళు పట్టించి చెవిలో నాలుగు మాటలు చెబుతారు. గంట కొట్టగానే నన్ను లాగేస్తారు. మూడు నిమిషాలూ లోకమంతా చూస్తుంది. ఆ ఒక్క నిమిషంలో ఏం మాట్లాడుకున్నారో మాత్రం వాళ్ళిద్దరికీ, నాకూ తప్ప తెలియదు.

మాస్టారిది వింత బడి. ఎదుటివాడి గ్లవ్స్‌కి బొగ్గుపొడి రాసి, నేర్చుకునేవాడికి తెల్ల బనీను తొడిగేవారు. మూడు రౌండ్లయ్యాక బనీను మీద ఎన్ని నల్ల మచ్చలుంటే అన్ని తప్పులు. "కొట్టడం ఎవడైనా కొడతాడ్రా. తగలకుండా కొట్టడమే విద్య" అనేవారు. వారం రోజులు మచ్చలు లెక్కపెట్టించుకుని కుర్రాళ్ళు చాలామంది బరువులెత్తే జిమ్ములకు పారిపోయారు. నిలబడినవాడు గరికిన ఎల్లాజీ ఒక్కడే.

ఎల్లాజీది జాలారిపేట. తెల్లవారుజామున హార్బరులో చేపల బుట్టలు దించి, సాయంత్రం గోడౌనుకు వచ్చేవాడు. ఐదడుగుల రెండంగుళాలు, యాభై ఒక్క కిలోలు. ఇంగ్లీషులో ఆ బరువుకు ఫ్లైవెయిట్ అని ఈగ పేరు పెట్టారట, అంతకన్నా మర్యాద దొరకలేదు కాబోలు. మొదటి ఏడాది అతని బనీను మసిగుడ్డలా ఉండేది. మూడో ఏడాదికి తెల్లగా ఇంటికెళ్ళేది. తల ఒక్క అంగుళం పక్కకు తీసేవాడు, దెబ్బ చెవి పక్క నుంచి పోయేది. కుడికి వెళ్తున్నట్టు భుజం కదిపి ఎడమకు వెళ్ళేవాడు. ఎదుటివాడు తిరిగి చూసేలోపు ముక్కు మీద ఒకటి అంటించి దూరంగా నిలబడేవాడు. నా మీద కూర్చున్నప్పుడు యాభై ఒక్క కిలోలూ నా మీదే ఉండేవి, ఒక్క గ్రాము కూడా కాళ్ళ మీద దాచుకునేవాడు కాదు. నాకు అతనంటే ఇష్టం. ఈ మాట చెప్పడానికి సిగ్గేమీ లేదు.

జనానికి మాత్రం ఇష్టం లేదు. అసలు చిన్న బరువులవాళ్ళ ఆట మొదలైతే సగం మంది టీకి లేచేవారు. వీళ్ళ దెబ్బకు ఎవడు పడతాడు, దోమలు కుట్టుకున్నట్టు ఉంటుందని నవ్వేవారు. మిగిలిన సగం మంది ఎల్లాజీని చూసి అరిచేవారు. "ముట్టుకోరా బాబూ, షాకు కొట్టదు!" "ఒరే, రికార్డింగు డాన్సు కడతన్నాడ్రా!" అతను పద్నాలుగు పోటీలాడి పద్నాలుగూ గెలిచాడు. ఒక్కసారీ ఎవరూ భుజాల మీద ఎత్తుకోలేదు. పదిహేనోదానికి ముందు ఒకరోజు బూట్ల తాడు కట్టుకుంటూ మాస్టారితో అన్నాడు. "మాస్టారూ, నాను గెలిస్తే అందరూ ఓడిపోయినట్టు ఇళ్ళకెల్తారేటండీ?" మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఆయన కూడా తన రోజుల్లో అలాగే ఆడారట, అలాగే ఊరుకున్నారట.

పదిహేనోది జోజిబాబుతో. అదే బరువు, రాష్ట్రంలో వీళ్ళిద్దరి తర్వాతే ఎవరైనా. జోజి అడుగు వెనక్కి వెయ్యడు. రెండు తిని ఒకటి కొట్టే రకం, ఆ ఒకటి తగిలితే మనిషి లేవడు. జనానికి అతను ప్రాణం. గెలిచినవాడికి ఢిల్లీలో టీవీ పోటీ ఇస్తానని, ఈ పోటీలు పెట్టించే ప్రమోటరు మాటిచ్చాడు. ఎల్లాజీకి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు, ఇంకో ఏడాదిలో కాళ్ళు నెమ్మదిస్తాయి. అదే చివరి అవకాశమని అందరికీ తెలుసు.

పోటీ రోజు మధ్యాహ్నం అతని భార్య నూకాలు గోడౌనుకు వచ్చింది. చేపలమ్మి అటు నుంచి అటే వచ్చింది, చీర కుచ్చెళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. "మాస్టారూ, గెలుపూ ఓటమీ నాకు తెలవదండి. బుర్ర బాగున్న మనిసిని పంపుతున్నాను, అలాగే తెచ్చి అప్పగించండి" అంది. మాస్టారు ఆమె చేతిలో చెయ్యి వేసి, "నా పూచీ అమ్మా" అన్నారు.

సాయంత్రం ఆరింటికి ఇండోరు స్టేడియంలో గంట కొట్టారు. ఎనిమిది రౌండ్ల ఆట. మొదటి ఏడు రౌండ్లలో ఎల్లాజీ ఆడిన ఆట నేను మళ్ళీ చూడలేదు, ఇక చూడను. జోజి ఎద్దులా మీదికి వచ్చేవాడు, వచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. మూడో రౌండులో జోజి వరసగా తొమ్మిది దెబ్బలు విసిరితే తొమ్మిదీ గాలిని కొట్టాయి, పదోది విసిరేలోపు ఎల్లాజీవి రెండు తగిలాయి. ఐదో రౌండయ్యేసరికి జోజి కళ్ళలో కోపం పోయి దిగులు వచ్చింది. ఆగిన ప్రతి నిమిషమూ ఎల్లాజీ వచ్చి నిండుగా నా మీద కూర్చునేవాడు. ఊపిరి కూడా ఎగిసేది కాదు.

ఆ అందమంతా జనానికి ఆనలేదు. ఆరో రౌండుకు ఈలలు, ఏడో రౌండుకు ఖాళీ నీళ్ళ సీసాలు. కుర్చీలు చప్పుడు చేస్తూ లేచిపోతున్నారు. ఏడో రౌండు ముగిసి ఎల్లాజీ కూర్చోగానే ప్రమోటరు రింగు తాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, ఈ ఆట నేను ఢిల్లీలో ఎవరికి చూపించను? జనం తిడుతున్నారు. ఈ ఆఖరి రౌండన్నా నిలబడి కొట్టుకోమనండి. లేకపోతే మీవాడు గెలిచినా ఢిల్లీ టిక్కెట్టు జోజికే ఇస్తాను, తర్వాత మీ ఇష్టం."

ఆ మాట చెప్పి వెళ్ళిపోయాడు. ఎల్లాజీ తల ఎత్తాడు.

"ఏటి సెయ్యమంటారు మాస్టారూ?"

మాస్టారు నీళ్ళ సీసా మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. తగలనీకు అంటే ఢిల్లీ పోతుంది. నిలబడి కొట్టు అంటే నూకాలుకిచ్చిన మాట పోతుంది. ఏమీ చెప్పకపోతే ఏదీ పోదని ఆ ముసలి బుర్రకు తోచినట్టుంది. అదొక్కటే కాదు. నలభై ఏళ్ళ ఆటలో ఆ మనిషి ఒక్కసారీ కేరింతలు వినలేదు. వినాలని ఉండదా? ఎల్లాజీ మరోసారి అడిగాడు. "మాస్టారూ?" మాస్టారు తడిగుడ్డతో అతని మెడ తుడిచారు, ముఖం వంక చూడలేదు. నా మీద బరువు తగ్గింది. ఎల్లాజీ అంచుకు జరిగాడు, ముప్ఫై కిలోలు కూడా నా మీద లేవు. ముందు ఆరు నిమిషాలూ నిండుగా కూర్చున్నవాడు ఏడోదాని ఆఖరి క్షణాల్లో సగం లేచే ఉన్నాడు. గంట కొట్టారు.

అతను నేరుగా రింగు మధ్యకు వెళ్ళి, రెండు పాదాలూ పాతేసి, చేతులు దించాడు. జోజికి నమ్మకం కలగడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత మూడు నిమిషాలూ ఇద్దరూ ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నారు. వెళ్ళిపోతున్న జనం మెట్ల మీద నుంచి కేరింతలు కొడుతూ పరుగెత్తుకు వచ్చారు. ఎల్లాజీ ఒకసారి పడి లేచాడు. లేచాక ఎటు చూస్తున్నాడో నాకు తెలియలేదు, కాని కొడుతూనే ఉన్నాడు. మాస్టారి చేతిలో తువ్వాలు ఉంది. అది రింగులోకి విసిరితే ఆట ఆగిపోతుంది. ఆయన దాన్ని పిండుతూ నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, అవి బాధవి కావు. నిజం చెప్పొద్దూ, ఆ హోరుకు నాకూ ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు తలుచుకుంటే అసహ్యమేస్తుంది.

పాయింట్ల మీద ఎల్లాజీయే గెలిచాడు. గెలిపించినవి మొదటి ఏడు రౌండ్లు, పేరు తెచ్చింది ఎనిమిదోది. జనం అతన్ని భుజాల మీద ఎత్తుకుని స్టేడియం అంతా తిప్పారు. అక్కడే, ఆ భుజాల మీదే వాంతి చేసుకున్నాడు. తల లోపల నెత్తురు గడ్డకట్టిందని ఆసుపత్రిలో పుర్రె తెరిచి తీశారు. ఢిల్లీకి జోజి వెళ్ళాడు.

గోడౌను మూతపడింది. తాళం వేసిన రోజున మాస్టారు నన్ను జాలారిపేట తీసుకెళ్ళి ఎల్లాజీ ఇంటి ముందు పెట్టి వచ్చారు, లోపలికి వెళ్ళలేదు. అప్పటి నుంచి చేపల బజారులో నూకాలు బుట్ట పక్కన ఉంటున్నాను. నా మీద ఎల్లాజీ కూర్చుంటాడు. ఇప్పుడు అరవై కిలోలు దాటాడు. ఎడమ చెయ్యి వణుకుతుంది, మాట ముద్దగా వస్తుంది. చేపకు పొలుసు తియ్యమంటే తీసిందానికే మళ్ళీ తీస్తాడు. నూకాలు మెల్లగా అతని చేతిలోంచి కత్తి తీసుకుంటుంది.

అభిమానులు మాత్రం ఇంకా వస్తారు. ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరుగుతోంది, అందులో ఉన్నది ఎనిమిదో రౌండు ఒక్కటే. మిగతా ఏడూ ఎవరూ తియ్యలేదు. "అన్నా, అదీ ఆటంటే!" అని చూపిస్తారు. ఎల్లాజీ తనను తాను ఎవరినో చూసినట్టు చూస్తాడు. ఆ రౌండు అతని తలలో లేదు, నెత్తురుతో పాటే పోయింది. ఏడు రౌండ్లు మాత్రం దెబ్బ దెబ్బా గుర్తే. "మూడో రౌండులో ఆడు ఎడం బుజం ముందర దించుతాడు, సూడండి, అప్పుడు నాను..." అని చేతులు పైకెత్తుతాడు. అప్పటికే వాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిపోతుంటారు.

మొన్న ఆదివారం పొద్దున మాస్టారు వచ్చారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. కర్ర పట్టుకుని, బజారు బురదలో ఆచితూచి అడుగులేస్తూ వచ్చారు. చేపలు కొనడానికి వచ్చినట్టు బుట్టలోకి చూస్తూ నిలబడ్డారు. నూకాలు పలకరించలేదు. ఆ పోటీ తర్వాత ఎవరు ఆయన పేరు ఎత్తినా ఆమె శాపనార్థాలు పెట్టేది. ఎల్లాజీ మాత్రం ఆయన్ని పోల్చుకుని, ముఖమంతా నవ్వి, నన్ను ఇవ్వబోయాడు. ఆయన వద్దన్నారు.

"మాస్టారూ, సాన్నాళ్ళుగా ఒక మాట అడగాలనండి" అన్నాడు ఎల్లాజీ, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ. "ఆ ఆకరి రౌండు నాకు గురుతు లేదు. దానికి ముందర నన్ను కూకోబెట్టి మీరేటి సెప్పినారు?"

నూకాలు చేతిలో కత్తి ఆగింది. ఆమె తలెత్తి మాస్టారినే చూసింది.

నేనూ చూశాను. ఆయన చేపల మంచు పెట్టెల వైపు చూశారు.

"చెప్పాను కదరా" అన్నారు చివరికి. "చేతులు దించకు, దగ్గరికెళ్ళకు, ఆట మనదే అని చెప్పాను."

ఎల్లాజీ ఒళ్ళంతా నా మీద వదిలేశాడు. అంత బరువు అతను నా మీద ఎన్నడూ వెయ్యలేదు.

"అయితే నానే ఇనలేదన్నమాట" అన్నాడు.

నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ మిమ్మల్నే తిట్టుకున్నాను మాస్టారూ. నా నోరు పడిపోనూ" అని ఏడ్చింది.

దేవుడు మూడు కాళ్ళిచ్చి నోరివ్వని జన్మ నాది. ఆ నిమిషంలో ఆయన ఒక్క మాటా చెప్పలేదని, రెండుసార్లు అడిగినా చెప్పలేదని, ఆయన కాక తెలిసింది నా ఒక్కడికే.

ఎల్లాజీ నా మీద నుంచి లేచి, బురదలోనే వంగి, మాస్టారి పాదాలు వెతుక్కుని పట్టుకున్నాడు. "మీ మాట దాటినాను. సెమించండి" అన్నాడు.

మాస్టారు కర్ర ఎడమ చేతికి మార్చుకున్నారు. తర్వాత కుట్ల గుర్తులున్న ఆ తల మీద చెయ్యి వేసి, "పోనీలేరా, క్షమించాను" అన్నారు.