సాలినాస్ గారికి ఆరో భుజం

“అమ్మా, శవపేటిక మోయడానికి నన్ను కూడా రమ్మంటున్నారు,” అన్నాడు నా కొడుకు యుగంధర్, చర్చిలో నా చెవి దగ్గరికి వంగి.

“నోర్ముయ్. పెళ్ళాం కడుపుతో ఉన్నవాడు పాడె పట్టుకుంటాడట్రా?”

ఇంట్లో కోడలు సుధేష్ణకు ఆరో నెల. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఈ ఒక్కటీ నిలవాలని నేను మొక్కని దేవుడు లేడు. పురుడు పోయడానికే ఐర్లండ్‌లోని ఈ పోర్ట్‌లీష్ ఊరు వచ్చాను.

పోయినాయన సాలినాస్ గారు. చిలీ దేశంలో మిలిటరీ రాజ్యం నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వచ్చి, ఇక్కడ లాయరై, ఊరికి కౌన్సిలరయ్యాడు. యుగంధర్ కంపెనీ మూతపడి వీసా ఊడబోతే వాదించి నిలబెట్టిందీ ఆయనే. కాదనను. అయినా కృతజ్ఞత వేరు, కడుపు వేరు కదండీ!

కానీ ఆ జనమేమిటి తల్లీ! చర్చి నిండిపోయి, వానలో రోడ్డు దాకా నిలబడ్డారు. ఎటు చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులవి. పోలండ్ మేస్త్రీలు సిమెంటు బూట్లతోనే వచ్చేశారు. మంత్రి పోయినా ఇంతమందిని చూడలేదు నేను.

పక్కన ఖైరున్నీసా కళ్ళు తుడుచుకుంటోంది. కర్నూలు అమ్మాయి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు.

“మా ఆయన పోయినప్పుడు మోసేకి నలుగురు లేకుంటే ఈయప్పే వచ్చి భుజమిచ్చినాడు ఆంటీ. వాళ్ళ నాయన చచ్చిపోతే ఈయప్పను చిలీలోకి రానీలేదంట. అప్పట్నుంచి దిక్కులేనోళ్ళు ఎవురు పోయినా ముందు ఈయప్పే నిలబడేది.”

కన్నతండ్రికి ఇవ్వలేకపోయిన భుజాన్ని ఊరందరికీ ఇచ్చాడా ఈ మహానుభావుడు!

పేటిక దగ్గర ఐదుగురు నిలబడ్డారు. అందులో ఒకడు యూనిఫాంలో ఉన్న గార్డు, అంటే ఇక్కడి పోలీసు. కోర్టులో ఎప్పుడూ ఆయనకు ఎదురుపక్షమేనట. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆరో చోటు ఖాళీ. సాలినాస్ గారి భార్య మా వాడి వంకే చూస్తోంది. వాడు తల దించుకున్నాడు.

“లేవరా,” అన్నాను.

“మరి సుధేష్ణ...”

“పాపమేదన్నా ఉంటే నా నెత్తిన. లే!”

వాడు వెళ్ళి, గార్డు భుజం మీద చెయ్యి వేసి, పేటికకు తన భుజం ఆనించాడు. నాకు భయం లేదా అంటే, ఎందుకు లేదు! పేటిక నా ముందుకొచ్చేసరికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

“నాయనా, మా వాడు నిన్ను మోస్తున్నాడు. నా కోడలి కడుపు చల్లగా చూడు,” అన్నాను, చర్చంతా వినబడేలా.