టిల్లర్ సెల్ఫీ పాయింట్ అయితదట!

మా హన్మంతు బాబాయ్, మా తాత టిల్లర్‌ను మొయినాబాద్‌ల ఒక ఫామ్‌హౌస్‌కు ఇచ్చేస్త అని మాటిచ్చిండు. దున్నేటందుకు కాదు! గేటు కాడ నిలబెట్టి, పక్కన బంతిపూల కుండీలు పెడ్తరట, పెండ్లిళ్లకు వచ్చినోళ్లు దానితోని ఫొటోలు దిగుతరట. సెల్ఫీ పాయింట్!

చేవెళ్లల మా తోట చిన్నది, దాంట్ల బీరకాయ పందిరి ఉన్నది. పందిరిని నిలబెట్టిన రాతి కడీల నడుమ ట్రాక్టర్ పట్టది, అందుకే తాత ఈ బుడ్డ టిల్లర్ కొన్నడు. తాత పోయినంక అది షెడ్డుల పడ్డది, పందిరి కింద గడ్డి మోకాళ్ల దాక లేచింది. "అది గూడ పోతే నా పందిరి ఇగ పడావే" అని మా వసంతమ్మ అవ్వ బాబాయ్‌తోని మాట్లాడుడే బంద్ చేసింది.

నేను సెలవులకు వచ్చిన. హైదరాబాద్‌ల మెకానికల్ చదువుతున్న, కానీ నిజం ఇంజన్ ముట్టింది లేదు, వీడియోలు మాత్రం మస్తు చూసిన. "నేను స్టార్ట్ చేస్తే ఉంచుతవా, బాబాయ్?" అన్న.

"నీ స్కూటీకే కిక్ కొట్టరాదు నీకు!" అని పడిపడి నవ్విండు. "సరే పో. ఎల్లుండి పొద్దుమీకి వాళ్ల బండి వస్తది, ఆలోపు టిల్లర్ నడిచి, పందిరి కింద ఒక్క సాలు దున్నాలె. దున్నిందా, ఉంటది. లేకుంటే మొయినాబాద్."

ఇగ చూడు రెండు దినాలు నా తిప్పలు! ఎయిర్ ఫిల్టర్ విప్పితే లోపల ఎలుక సంసారం. ట్యాంకుల పాత డీజిల్ పాకం లెక్క జిగురు పట్టింది. అంతా ఒంపి, కడిగి, నాజిల్ సాఫ్ చేసి, చేవెళ్ల బజార్ల కొత్త బెల్టు తెచ్చి, డీజిల్ పైపుల గాలి తీసి, హ్యాండిల్ తిప్పిన. ఉలకలే పలకలే. అవ్వ గూడ వచ్చి చెయ్యేసింది, ఇద్దరం కలిసి తిప్పినం. డగ్ డగ్ డగ్ డగ్! నేను ఎగిరిన, కోళ్లు ఎగిరినయ్!

జరసేపు నడిచి, దగ్గి, ఆగింది. మళ్ల తిప్పితే మళ్ల నడిచింది, మళ్ల ఆగింది.

"అచ్చం మీ బాబాయే," అన్నది అవ్వ. "లేస్తడు, చాయ్ తాగుతడు, మళ్ల పండుకుంటడు."

నాజిల్ మళ్ల విప్పిన, డీజిల్ చూసిన, నిండుగనే ఉన్నది. నా దిమాక్ ఖరాబ్! అంతలనే బయట హారన్. ఫామ్‌హౌస్ మేనేజర్ రాకేష్, పొద్దుమీకి వస్తనన్నోడు పొద్దుగాల్నే ట్రాలీ ఆటో ఏసుకొని దిగిండు.

"అయ్యో, తుప్పంత తుడిచిండ్రా? మా సార్‌కు తుప్పు ఉంటేనే ఇష్టం!" అని మొఖం మాడ్చుకున్నడు.

"ఉన్నదే ఎత్తుండ్రి," అన్నడు బాబాయ్ మీసాల కింద నవ్వుకుంట.

"ఆగుండ్రిరా!" అవ్వ పళ్లెం పట్టుకొని వచ్చింది. "ఇంట్లకెళ్లి పోయేదాన్ని బొట్టు పెట్టకుండ తోలుతమా?" హ్యాండిల్‌కు పసుపు పూసింది, చక్రాలకు పూసింది, ఆఖరుకు ట్యాంకు మూత నడిమిట్ల బొటనవేలుతోని కుంకుమ గట్టిగ అద్దింది.

మూత నడిమిట్ల! గాలి లోపలికి పోయే చిన్న బెజ్జం ఉండేదే ఆడ! ట్యాంకంత కడిగిన గానీ ఆ బొట్టు మాత్రం దేవుడిదని నేను ముట్టలే.

"అవ్వా! ప్రతి దసరాకు ఆన్నే పెడ్తవా?"

"మరి? అది దాని నొసలు. ఇంకేడ పెడ్తరే?"

జుట్టు పిన్ను పీకి గుచ్చిన. ఇన్ని దసరాల కుంకుమ గడ్డలు గడ్డలుగ ఊడొచ్చింది. లోపలికి గాలి పోకుంటే డీజిల్ కిందికి ఎట్ల దిగుతది? పాపం, దాని గొంతు పిసికి మరీ మొక్కినం! మళ్ల తిప్పిన. డగ్ డగ్ డగ్. ఇగ ఆగుతది ఇగ ఆగుతది అని అందరం గుడ్లప్పగించి చూసినం. ఆగలే!

పందిరి కిందికి తోలిన. గడ్డి తెగుతున్నది, ఎర్రమట్టి లేస్తున్నది, హ్యాండిల్ మాత్రం నా మాట వింటలేదు. ఒక కడీకి కొద్దిల తప్పింది.

"ఇది సాలా, పామా?" అన్నడు బాబాయ్.

"వంకరనో టింకరనో, దున్నిందా లేదా?" అన్నది అవ్వ. రాకేష్ ఖాళీ ట్రాలీ తిప్పుకొని పోయిండు.

"తే ఇటు, సక్కటి సాలు ఎట్లుంటదో చూపిస్త," అని బాబాయ్ హ్యాండిల్ గుంజుకున్నడు. క్లచ్ వదిలిండో లేదో, టిల్లర్ బాబాయ్‌ను ఈడ్చుకుంట ఉరికింది. చెప్పు ఒకదిక్కు, కండువా ఒకదిక్కు!

"సాహిత్యా! దీన్ని ఎట్ల ఆపాలెనే?"

నేను నోరు తెరిచిన. అవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"చెప్పకే. ఇంకో సాలు కానియ్యి."