పక్కా రంగు

“చాయ్‌ల అల్లం దంచి ఎయ్యి. గ్రాంటు ఇచ్చే సార్లు హైదరాబాద్ నుంచి వస్తుండ్రు,” అన్నాడు నరహరి. నా మొగుడు. నల్లగొండలో మా కాలేజీ డిపార్ట్‌మెంటుకు హెడ్డు. నేను అదే డిపార్ట్‌మెంటు ల్యాబులో కాంట్రాక్టు మనిషిని. దంచాను. మా అత్త ఉప్పలమ్మ కొడుక్కి బొట్టు పెట్టి నావైపు తిరిగింది. “నా కొడుకు కనిపెట్టింది జూడనీకి వస్తుండ్రు. నువ్వు జర నడుమ మాట్లాడకు హారికా.”

కొడుకు కనిపెట్టాడట! గోరంత సిలికాన్ పలకను యాసిడ్‌లో ముంచి, కరెంటు పంపి, కంటికి కనపడని రంధ్రాలను ఒకే సైజులో తేవడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ అతను ల్యాబుకు వచ్చింది ఏసీ కోసం. వెలుగు పడితే పలక నిగనిగలాడుతూ ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఏ రంగూ పూయలేదు, రంధ్రాలే వెలుగును అలా తిప్పికొడతాయి. బతికున్న కణం వచ్చి అతుక్కుంటే ఆ పచ్చ వెంట్రుకవాసి మారుతుంది, యంత్రం పట్టేస్తుంది. రిపోర్టంతా రాసింది నేను. అట్ట మీద పేరు అతనిది. నా పేరు చివర కృతజ్ఞతల్లో, కరెంటు పని చేసే ఐలేశం తర్వాత. అడిగితే, “ఒక్కింట్ల ఎవలి పేరైతేంది?” అన్నాడు.

పదకొండింటికి ముగ్గురు సార్లు ల్యాబుకు వచ్చారు. నేను ఫ్లాస్కులోంచి చాయ్ పోస్తున్నాను. పట్టకారుతో పట్టాల్సిన పలకను నరహరి వేళ్లతో ఎత్తాడు.

“ఈ పచ్చదనం ఎన్నాళ్లు నిలుస్తుంది?” అన్నారు పెద్దాయన.

నరహరి చిట్యాలలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. చీర రంగు దిగదని తడివేలితో రుద్ది చూపించడం వాళ్లింటి అలవాటు. బొటనవేలు నాలుకకు అద్దుకొని పలకను బరబరా రుద్దేశాడు. “చూడుండ్రి సార్, పక్కా రంగు!”

ఉమ్మి రంధ్రాల్లోకి దిగింది. పచ్చ పోయి ఎర్రటి మరక తేలింది. పెద్దాయన కళ్లజోడు తీశారు. “ఇందులో రంగెక్కడిది నరహరిగారూ?”

నా మొగుడు బొటనవేలు తిప్పి చూసుకున్నాడు, రంగు అంటిందేమోనని.

ఇన్నేళ్లూ నేను భయపడింది ఈ మనిషికా?

“హారికా... ఇంకోటున్నదా?”

నా బ్యాగులో నాలుగున్నాయి. ఈ గొంతు వినగానే నా చేతులు వాటంతటవే కదిలేవి. ఇవాళ ఫ్లాస్కు మూత బిగించి అతని చేతిలో పెట్టాను.

“ఉన్నయి. నేను జేసినయి, నేనే చూపిస్త. మీరు సార్లకు చాయ్ పొయ్యుండ్రి. అల్లం దంచే ఏసిన.”