ఇంకేం మానాలి

భార్య జ్ఞానమణి చేటలోకి జొన్నలు ఒంపుతుంటే ప్రేమయ్య దుప్పటి సందులోంచి ఒంటికన్నుతో చూస్తున్నాడు. ఆమె అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న పిడతలో వేసింది. ఆదివారం ఏసయ్య గుడికి ఇచ్చే పిడికెడు అది. ఒకప్పుడు ఆమె తల్లి వేసేది, ఇప్పుడు ఈమె వేస్తోంది. అతనికి మాత్రం ఆ పిడికిలి నిన్నటికన్నా పెద్దదిగా కనిపించింది.

రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదుకు లేచిపోయాక నాపబండలు అడిగే నాథుడు లేడు. ఎర్రగుంట్ల గనిలో వారంలో సగం రోజులు పనే ఉండటం లేదు. అప్పుడు గుర్తొచ్చారు ప్రేమయ్యకు, ఎప్పుడో వెదురు కోసం అహోబిలం అడవికి పోయినప్పుడు చూసిన చెంచులు. గుడిసెలో ఒక కుండ, కాస్త నిప్పు, అంతే. ఎంత హాయి బతుకు అనుకున్నాడు. ఆ పూట వాళ్లు తిన్నారో లేదో అడగాలని మాత్రం తోచలేదు. మనమూ అట్లా బతకొచ్చు గదా అని మొదలుపెట్టి ముందు కాఫీ మాన్పించాడు. తర్వాత దీపం, ఆ తర్వాత తిరగమోత, చివరికి ఆమె తలనూనె. తన బీడీ జోలికి పోలేదు. రాళ్లు కొట్టేవాడికి అది తిండి కిందే లెక్క.

అన్నిటికీ ఆమె "సరే" అంది. అదే అతనికి మింగుడుపడలేదు. ఎవరైనా ఒక్కసారన్నా గొణుగుతారు గదా! ఇంత సులువుగా సరే అంటోందంటే, ఎక్కడో దాచుకుని తింటూ ఉండాలి.

"ఆ పిడికెడు గూడా నిలిపేయమ్మే," అన్నాడు లేచి కూర్చుని. "గుడికి పొలాలుండాయి. మనకు యాడుండాయి?"

ఆమె చెయ్యి పిడత మీదే ఆగిపోయింది. ఆ గింజలను తిరిగి చేటలోకి ఒంపి "సరే" అంది.

గనిలో ఆ పొద్దున అతని దెబ్బ కుదరలేదు. బండను పొరలుగా లేపేది చేత్తో కాదు, చెవితో. ఉలి మోగే తీరును బట్టి పొర ఎక్కడ విడుతుందో తెలుస్తుంది. ప్రేమయ్య చెవులు ఇంటి దగ్గరే ఉండిపోయాయి. అడ్డంగా పగిలిన బండను చూసి మేస్త్రీ బొజ్జన్న విసుక్కున్నాడు.

"ఏమప్పా, మనసు యాడ పెట్టినావు? ఇంటికి పోయి చూసుకోని రాపో."

పోనే పోయాడు, అడుగుల చప్పుడు కూడా వినపడకుండా. జ్ఞానమణి గోడకానుకుని కూర్చుని ఉంది. మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. అతను వాటిని చూడలేదు, పిడతను చూశాడు. ఖాళీ. కుండలన్నీ మూతలు తీసి వాసన పట్టాడు. అటక మీద చెయ్యిపెట్టి తడిమితే దుమ్మంటింది.

"ఏం ఎతుకుతాండావు?"

"ఏం లేదు. ఇంగా ఏమన్నా మానేయొచ్చేమో అని చూస్తాండా."

"చూడు."

అతను ఇల్లంతా కలియజూశాడు. చూపు పొయ్యి దాటి, ఖాళీ ఉట్టి దాటి, వచ్చి ఆమె మీద ఆగింది. ఎంతోసేపు కాదు. ఆమె కొంగు సర్దుకుంటూ నవ్వింది. ఆ నవ్వుతో అతని అనుమానం రెట్టింపైంది.

మళ్లీ గనికి పోయి పొద్దుగూకే వేళకు తిరిగొస్తే తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. దొరికిందిలే దొంగ అనుకున్నాడు. పక్కింటి విశ్వాసమ్మ వాకిట్లోకి వచ్చింది.

"వేంపల్లెకు పాయె అన్నా, వాళ్లన్న దగ్గరికి. ఇంగ రాదంట."

"మూటేమన్నా తీసుకపాయెనా?" అతని నోట మొదట వచ్చిన మాట అదే.

"ఏం మూటన్నా! కట్టుకున్న కోకతోనే పాయె. ‘ఇంట్లో ఇంగ మానేయాల్సింది నేనేనని ఆయన కండ్లల్లో కనపడె’ అనె. నువ్వు తిన్నాక మిగిలింటేనే తింటాండె ఆ యమ్మ. నేను పెడతానన్నా ముట్టల్యా."

ప్రేమయ్య వేంపల్లె దోవ వైపు తిరిగాడు. వెంటనే బయలుదేరి పోదామనుకున్నాడు. పోయి ఏ ముఖంతో పిలవాలో తెలియలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. గొళ్లెం తీసి, చీకట్లో తడుముకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లి, బోర్లించిన సట్టి ఎత్తాడు.

ఒక్క మనిషికి సరిపోయే సంగటి ముద్ద. ఆమె తడిచేత్తో ఒత్తిన వేళ్ల గుర్తులు దాని మీద అట్లాగే ఉన్నాయి.